ఇంటర్‌కమ్ పోయింది, పీడా పోయింది!

పాఠక మహాశయులకు ఒక శుభవార్త. మా అపార్ట్‌మెంట్లలో ఇంటర్‌కమ్ పీకేశారు!

ఇదేం శుభవార్త అంటారా? అయితే మీరింకా ఆ కాలంలోనే ఉండిపోయారన్నమాట. వంటింటి గోడకి గోధుమరంగు డబ్బా ఒకటి, దానికి మెలికలు తిరిగిన తీగ. రిసీవర్ ఎత్తితే గుయ్‌మంటుంది. నాలుగంకెలు నొక్కితే ఎదురు టవర్లో ఎవరో ఒకరు హలో అంటారు. అంతే! అంతకుమించి దానికేమీ చేతకాదు. ఫోటో తీయలేదు. స్టార్లు ఇవ్వమని బతిమాలదు. పండగొస్తే శుభాకాంక్షలు పంపదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి అప్‌డేట్ అవలేదు. అలాంటి వస్తువుని గోడకి తగిలించుకుని ఇన్నాళ్ళూ నలుగురిలో ఎలా తలెత్తుకు తిరిగామో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడా బెంగ లేదు. యాప్ వచ్చింది!

ఘాజియాబాద్‌లో మా సుఖ్ విహార్‌కి నాలుగు టవర్లు, మూడొందల పైచిలుకు ఇళ్ళు. ఇన్ని ఇళ్ళకీ కలిపి ఒక టెక్నాలజీ కమిటీ. అందులో నేనూ ఒక సభ్యుణ్ణి. పేరు మనోహర్. నోయిడాలో ఒక కంపెనీలో మీటింగులకి హాజరవడం నా వృత్తి. యాప్ తెద్దామని కమిటీలో మొదట నోరు విప్పింది నేనేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

అది పనిచేసే తీరు చాలా సులువు. గేటు దగ్గరికి ఎవరొచ్చినా సెక్యూరిటీ భయ్యా వాళ్ళని ఫోటో తీసి ట్యాబ్‌లోకి ఎక్కిస్తాడు. ఆ క్షణంలోనే మన ఫోను గిలగిల్లాడిపోతుంది. ఆకుపచ్చ బటన్ నొక్కితే మనిషిని లోపలికి పంపుతారు. ఎర్రది నొక్కితే వెనక్కి పంపేస్తారు. మధ్యలో పసుప్పచ్చది ఒకటుంది, ‘గేటు దగ్గర వదిలేయండి’ అని. అది పార్సిళ్ళకి. వచ్చినవాళ్ళని మనం చూడక్కర్లేదు, పలకరించక్కర్లేదు, వేలొకటి ఉంటే చాలు. ఇంత సుఖం ఏ మహారాజు అనుభవించాడు చెప్పండి?

స్నానం చేస్తున్నా, దేవుడికి హారతిస్తున్నా, ఆఫీసులో బాస్ ముందు తలొంచుకు నిలబడ్డా, ‘అయ్యా, మీ గుమ్మానికి మీరే యజమాని’ అని గంటకి నాలుగుసార్లు గుర్తు చేసేవాళ్ళు మనకింకెవరున్నారు? కట్టుకున్న భార్య చేస్తుందా? ఆమాటకొస్తే ఒకసారి మా ఆవిడ నేహా ఫోను మర్చిపోయి కూరగాయలకి వెళ్ళొస్తే, ఆవిణ్ణి కూడా గేటు దగ్గర ఫోటో తీసి నాకు పంపారు. పెళ్ళయిన పదహారేళ్ళకి ‘ఈమెని లోపలికి రానివ్వమంటారా?’ అని నన్నొకరు అడిగారు! ఆ పూట నేను పొందిన గౌరవం నా పెళ్ళినాడు కూడా పొందలేదు.

మా పిన్ని కొడుకు పృథ్వీరాజ్ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాడు. ఒక ఆదివారం భోజనానికి రమ్మన్నాను. పాపం మెట్రోలు మారి మారి వచ్చాడు. నా ఫోను ఛార్జింగ్‌లో ఉంది. ఆ మేనెల ఎండలో గేటు బయట నలభై నిమిషాలు నిలబడి వాడు నెల రోజుల కరెంట్ అఫైర్స్ చదివేసుకున్నాడు. ఈ ఏడాది ప్రిలిమ్స్ గట్టెక్కాడు. ఆ ఘనత ఎవరిది? మళ్ళీ వాడు మా గడప తొక్కలేదు, అది వేరే సంగతి. చదువు మీద శ్రద్ధ పెరిగుంటుంది.

బి టవర్లో సత్యనారాయణ వ్రతానికి వచ్చిన పంతులు గారి చేతిలో రాగి చెంబు చూసి, భయ్యా ఆయన్ని ప్లంబర్ల జాబితాలో ఎక్కించాడు. ఆ ఇంటివాళ్ళు కుళాయిలన్నీ బాగానే ఉన్నాయని ఎర్ర బటన్ నొక్కేశారు. ముహూర్తం దాటిపోయింది నిజమే. కానీ ఆ వారంలో ఆయనకి మా సొసైటీలో మూడు కుళాయిలు బాగుచేయమని పిలుపులొచ్చాయి. బతుకుతెరువు చూపించే యాప్‌ని తప్పుపడతారా?

ఇలాంటి వరాన్ని వద్దన్న మనిషి సుఖ్ విహార్ మొత్తానికి ఒక్కరే ఒక్కరు. సి టవర్ ఏడో అంతస్తులో ఉండే అనసూయ గారు. భర్త సదాశివరావు గారు కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. పెళ్ళయిన కొత్తలో కాకినాడ నుంచి వచ్చి, ముప్ఫై ఏళ్ళలో నాలుగు సర్కారీ క్వార్టర్లు, ఒక సొంత ఫ్లాటు చూసిన మనిషి. ఇకపై నేను చెప్పేదంతా ఆవిడ నాకు విడమరిచి చెప్పిందే. విడమరిచి చెప్పడమంటే, తిట్టడం.

అనసూయ గారికి సెల్‌ఫోన్ లేక కాదు. దాంట్లో అక్కచెల్లెళ్ళతో మాట్లాడతారు, సీరియళ్ళు చూస్తారు. కానీ సుఖ్ విహార్ లోపల ఎవరితో పనున్నా ఇంటర్‌కమే ఎత్తేవారు. ‘పక్క టవర్‌తో మాట్లాడ్డానికి ఆకాశం దాకా వెళ్ళి రావడం ఎందుకండీ?’ అనేవారు. ఆవిడ నంబరు 3704. మా కాంప్లెక్సులో పదేళ్ళ కిందట ఏడు తెలుగు కుటుంబాలుండేవి. ఆ ఏడిళ్ళకీ ఆవిడే టెలిఫోన్ ఎక్స్ఛేంజి.

దోసకాయ కోసం మొదలైందట ఇదంతా. పచ్చటి గుండ్రటి మన దోసకాయ ఇక్కడ దొరకడం ఎంత అపురూపమో ఢిల్లీ తెలుగువాళ్ళని అడగండి. బుధవారం బుధవారం ఒక బండివాడు తెచ్చేవాడు, అదీ పదో పన్నెండో. బండి కనబడగానే గేటులో ఉండే రాజీవ్ భయ్యా 3704కి కొట్టేవాడు, ‘ఆంటీజీ, ఆప్‌కా పీలా ఖీరా ఆ గయా’ అని, అంటే మీ పచ్చ దోసకాయ వచ్చేసిందని. అనసూయ గారు ఒక ఇంటికి చెప్పాలి, ఆ ఇంటివాళ్ళు పక్కింటికి, వాళ్ళు ఆ పక్కింటికి. చివరి ఇంటివాళ్ళు మళ్ళీ అనసూయ గారికి ఫోన్ చేసి ‘అందరికీ అందిందండీ’ అనాలి. అలా అంటేనే లెక్క. మధ్యలో ఎవరైనా నిద్రపోతే గొలుసు తెగినట్టు వెంటనే తెలిసిపోయేది.

కాలక్రమాన ఒకరికి బదిలీ అయింది, ఒకరు రిటైరై వెళ్ళిపోయారు, ముగ్గురు నోయిడాలో పెద్ద ఫ్లాట్లు కొనుక్కున్నారు. ఏడిళ్ళు రెండిళ్ళయ్యాయి. అయినా పద్ధతి మారలేదు సుమా! బుధవారం నాడు అనసూయ గారు ఆ రెండో ఇంటికి ఫోన్ చేసి దోసకాయలొచ్చాయని చెప్పేవారు. ఆ ఇంటావిడ ఫోన్ పెట్టేసి, చివరి ఇల్లు కూడా తనదే కాబట్టి మళ్ళీ తనే 3704కి చేసి, ‘అందరికీ అందింది అమ్మాయ్’ అని చెప్పేది. ఇద్దరూ దీన్ని ఎంతో సీరియస్‌గా చేసేవారట.

ఆ రెండో ఇల్లు 1103. ఎ టవర్, మొదటి అంతస్తు. ఆవిడ పేరు జానకమ్మ. డెబ్బై మూడేళ్ళు. ఊరు భీమవరం. ఎనిమిదేళ్ళ కిందట కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఆ కొడుకుని నేనే.

అమ్మకి మా ఇంట్లో ఏ లోటూ లేదు. తనకో గది, గదిలో టీవీ, టీవీలో రెండొందల చానళ్ళు. నేను పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళి రాత్రి ఎనిమిదిన్నరకి వస్తాను. నేహా లక్నో అమ్మాయి, మనసు మంచిది, ఇంట్లోనే ఒక గదిలో చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని ఉద్యోగం చేస్తుంది. మా అమ్మాయి సాత్వికకి తెలుగు బ్రహ్మాండంగా అర్థమవుతుంది. జవాబు మాత్రం హిందీలో చెబుతుంది. ఇంతమంది మధ్య ఒక మనిషికి ఒంటరితనం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? రోజూ సదాశివరావు గారు ఆఫీసుకెళ్ళి, ఇంటి పని తెమిలాక, పదిన్నరకి 3704 నుంచి అమ్మకి ఫోన్ వచ్చేది. పన్నెండు దాకా మాట్లాడుకునేవారు. నేను దాన్ని కాలక్షేపం అనేవాణ్ణి.

ఆ కాలక్షేపంలో మూడో మనిషి కూడా ఉన్నాడని తర్వాత తెలిసింది. వాళ్ళిద్దరి లైను గేటు లైనుతో కలిసిపోయి ఆరేళ్ళయిందట. రాజీవ్ భయ్యా రిసీవర్ ఎత్తితే అంతా వినబడేది. తూర్పు యూపీలో బల్లియా నుంచి వచ్చిన మనిషి, మాట్లాడకుండా వినేవాడు, అలా వింటూ వింటూ తెలుగు నేర్చేసుకున్నాడు. ఒకరోజు వీళ్ళు దోసావకాయలో ఆవపిండి పాలెంతో తేల్చుకోలేకపోతుంటే మధ్యలో దూరి, ‘పిన్నిగారూ, పోయిన ఏడు ఒకటిన్నర గ్లాసు వేశారు కదా’ అన్నాడట. ఇద్దరికీ గుండె ఆగినంత పనైంది. ఆ తర్వాత అలవాటైపోయింది.

ఏప్రిల్‌లో మా జనరల్ బాడీ మీటింగు జరిగింది. అధ్యక్షుడు రఘువీర్ గారు, రిటైర్డ్ కల్నల్. టెక్నీషియన్ ఇచ్చిన కాగితం చదివారు. మూడొందల ఇళ్ళలో ఇంటర్‌కమ్ వాడుతున్నవి రెండే రెండు ఇళ్ళు. హాల్లో అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను.

అనసూయ గారు లేచి నిలబడ్డారు. క్యాలెండర్ కాగితం వెనకాల తెలుగు అక్షరాల్లో హిందీ ఉపన్యాసం రాసుకొచ్చారు. దాంట్లో మొదటి రెండు వాక్యాలు చదివారో లేదో, కల్నల్ గారు, ‘మేడమ్, దునియా చాంద్ పే పహుంచ్ గయీ, ఆప్ అభీ ఇంటర్‌కమ్ పే హైఁ?’ అన్నారు. లోకం చంద్రుడి మీదకి వెళ్ళిపోతే మీరింకా ఇక్కడే ఉన్నారా అని.

ఆవిడ కాగితం మడిచేశారు. ‘చాంద్ పే జాకే భీ కిసీ సే బాత్ తో కర్నా పడేగా నా, భాయీసాబ్?’ అన్నారు. చంద్రుడి మీదకెళ్ళినా ఎవరో ఒకరితో మాట్లాడాలిగా అని!

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టిన చేతులే ఇంటర్‌కమ్ తీసేయడానికి కూడా లేచాయి. నా చెయ్యి ముందు వరసలో లేచింది. అనసూయ గారు హాలంతా వదిలేసి నావైపే చూశారు. ప్రగతి కోసం ఒక చూపు భరించలేమా అని ఊరుకున్నాను.

మే నెలలో మనిషొచ్చి తీగలు కత్తిరించి డబ్బాలు పట్టుకుపోయాడు. అనసూయ గారు మాత్రం తన డబ్బా ఇవ్వలేదు. అది ఇప్పటికీ వాళ్ళ వంటింటి గోడకే ఉంది. శుక్రవారం శుక్రవారం తడిగుడ్డ పెట్టి తుడుస్తారు.

అమ్మ విషయంలో మీరు కంగారు పడకండి. టెక్నాలజీ కమిటీ సభ్యుడి తల్లిని ఫోను లేకుండా ఉంచుతానా? ముందు బటన్ల ఫోను కొన్నాను. మా మొదటి అంతస్తులో సిగ్నల్ అందదు. మేమంతా వైఫై మీద మాట్లాడతాం, బటన్ల ఫోనుకి వైఫై లేదు. సరే, వైఫై ఉన్న స్మార్ట్‌ఫోన్ కొన్నాను. అమ్మ వేళ్ళు పొడిబారిపోయాయి, ఎంత నొక్కినా అద్దం ఒప్పుకోదు. ఒక్కసారి ఒప్పుకుంది, వీడియో కాల్ వెళ్ళింది, అనసూయ గారికి మా సీలింగ్ ఫ్యాన్ పావుగంట కనబడింది. ఆ తర్వాత అమ్మ దాన్ని మళ్ళీ అట్టపెట్టెలో పెట్టి బీరువాలో దాచేసింది, ‘ఖరీదైన వస్తువు, పాడైపోతుంది’ అంది. నా బాధ్యత తీరింది.

పదిన్నరకి అమ్మ వంటింటి గోడ వైపు చూసేదట. నేహా చెప్పింది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఈలోగా అనసూయ గారి ఫోన్లోకి యాప్ దిగింది. దిగిన మర్నాడే పెద్ద చిక్కొచ్చింది. ఆవిడకి ఎర్ర బటన్ నొక్కడం చేతకాలేదు. చేతకాక కాదు, మనసొప్పలేదు. ‘గుమ్మం దాకా వచ్చిన మనిషిని పొమ్మంటామా ఏమిటండీ? అదీ శుక్రవారం పూట!’ అన్నారు. అలాగని శనివారం నొక్కారా? లేదు. ఎవరొచ్చినా ఆకుపచ్చే. ఈ కబురు ఘాజియాబాద్‌లోని సేల్స్ కుర్రాళ్ళకీ పెద్దాళ్ళకీ ఎలా పాకిందో తెలియదు. వాటర్ ఫిల్టర్లవాడొచ్చాడు, పరుపులవాడొచ్చాడు, ఇన్సూరెన్స్ అతనొచ్చాడు, దారి తప్పిన కొరియర్లొచ్చారు. వచ్చినవాళ్ళందరికీ కరివేపాకు వేసిన మజ్జిగ. ఫిల్టర్లవాడు ఫిల్టరు మాట మానేసి వారానికి మూడుసార్లు ఒట్టి మజ్జిగకే వచ్చేవాడట.

ఒక సాయంత్రం సదాశివరావు గారు ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో నలుగురు కొత్త మనుషులు తలలొంచుకుని వరసగా కూర్చునున్నారు. ఎవరో పోయారనుకుని ఆయన చెప్పులు బయటే విడిచి, చేతులు కట్టుకుని, ఒక మూల నిలబడ్డారు. పది నిమిషాల తర్వాత ఒకతను లేచి ఆయన చేతిలో పరుపుల బ్రోచర్ పెట్టాడు. అప్పుడుగానీ ఆయనకి ప్రాణం కుదుటపడలేదు.

ఇలా ఊరందరూ వచ్చి కూర్చుంటున్నా అనసూయ గారికి తోచేది కాదట. దోసకాయలొచ్చిన బుధవారం ఎవరికి చెప్పాలి? చెప్పినా, అందరికీ అందిందని తిరిగి చెప్పేదెవరు? అందుకని ఆవిడే నడిచి మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. సి టవర్ నుంచి ఎ టవర్‌కి నాలుగు నిమిషాలు. అమ్మ వాళ్ళింటికి వెళ్ళే వీల్లేదు. మోకాళ్ళ మూలాన దీపావళి నుంచి తను కింద కాలు పెట్టలేదు. రోజుకి రెండొందల అడుగులు నడవమని డాక్టరు చెప్పాడు, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది, నేను వాట్సాప్‌లో చెప్పాను. ‘రేపట్నుంచి’ అనేది.

నాలుగు వారాలు సాఫీగా సాగాక కమిటీలో ఒక సవరణ వచ్చింది. బయటివాళ్ళకే కాదు, ఒక టవర్‌వాళ్ళు ఇంకో టవర్‌కి వెళ్ళినా యాప్ అనుమతి ఉండాలి. ప్రతి టవర్ కింద ఒక భయ్యా, ఒక ట్యాబ్. భద్రత అన్నాక సగం సగం ఎందుకు? ఈ సవరణ ప్రతిపాదించిన మేధావి పేరు మీరే ఊహించండి. ఎ టవర్ కింద రాజీవ్ భయ్యాని వేశారు.

జూలైలో మొదటి బుధవారం సాయంత్రం నాలుగింటికి అనసూయ గారు స్టీలు డబ్బాలో దోసకాయ పచ్చడి పట్టుకుని ఎ టవర్ లాబీలోకి వచ్చారు. భయ్యా రూలు ప్రకారం ఫోటో తీసి పంపాడు. అనుమతి ఎవరివ్వాలి? ఇంటి యజమాని. అంటే నేను.

ఆ సమయంలో నేను నోయిడాలో మీటింగులో ఉన్నాను. మా డైరెక్టర్ గారు మనుషుల మధ్య అనుబంధాలు పెంచుకోవడం గురించి ముప్ఫై నాలుగో స్లైడ్ చూపిస్తున్నారు. బల్ల కింద ఫోను గిలగిల్లాడింది. పదింట్లో తొమ్మిదిసార్లు పార్సిలే వస్తుంది. పేరు చదవలేదు. ఫోటో చూడలేదు. పసుప్పచ్చ బటన్ నొక్కేసి మళ్ళీ అనుబంధాల్లో పడ్డాను.

‘ఆంటీజీ,’ అన్నాడు రాజీవ్ భయ్యా తల గోక్కుంటూ, ‘సాబ్ గేటు దగ్గర వదిలేయమన్నారు.’

‘ఎవర్ని?’

‘మిమ్మల్నే.’

‘అంటే లోపలికి వెళ్ళొద్దనా?’

‘లోపలికి పంపడానికి లేదు. వెనక్కి పంపడానికీ లేదు. పార్సిల్ రూల్ ఉంది కదా, ఇక్కడే భద్రంగా పెట్టాలి. ఫోటో తీసి పంపాలి.’

కాకినాడ ఆడపడుచు, అండర్ సెక్రటరీ భార్య, ముప్ఫై ఏళ్ళ ఢిల్లీ కాపురంలో ఎవరిచేతా మాట పడని మనిషి! ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామని రెండడుగులు వేశారు కూడా. మళ్ళీ డబ్బా వైపు చూసుకున్నారు. ‘సరే, పెట్టు,’ అన్నారు. పార్సిళ్ళ అర పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేశాడు భయ్యా. ఒకవైపు ఎవరిదో మిక్సీ పెట్టె, ఇంకోవైపు పెద్ద అట్టపెట్టెలో ఎక్సర్‌సైజు సైకిలు, మధ్యలో ఒళ్ళో డబ్బాతో అనసూయ గారు. ‘ఇధర్ దేఖియే,’ అన్నాడు. ఆవిడ చూశారు. ఆ చూపు యాప్‌లో ఇప్పటికీ ఉంది, నేను దాన్ని సాధ్యమైనంతవరకు తెరవను.

‘మీ పార్సిల్ గేటు దగ్గర భద్రంగా ఉంది’ అనే మాటతో ఆ ఫోటో నాకూ నేహాకీ ఒకేసారి వచ్చింది. నేను చూడలేదు. నేహా చూసింది. హెడ్‌సెట్ తీసేసి, పరిగెత్తుకెళ్ళి అమ్మకి చూపించింది. ‘మమ్మీజీ, దేఖియే, అనసూయా ఆంటీ!’

అమ్మ ఆ ఫోటో వైపు చూసింది. కర్ర తీసుకుంది. ‘పద,’ అంది నేహాతో, తెలుగులోనే.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే రాజీవ్ భయ్యా లేచి నిలబడిపోయాడు. దీపావళి తర్వాత అమ్మ కిందకి రావడం అదే మొదలు. గోడ పట్టుకుని, కర్ర ఊనుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది.

‘నాకేదో పార్సిల్ వచ్చిందిటగా,’ అంది. ‘ఏదీ?’

‘ఓటీపీ చెప్పాలి, పిన్నిగారూ,’ అన్నాడు భయ్యా. రూలు రూలేగా!

‘ఓటీపీ లేదూ గీటీపీ లేదు. నాదే ఈ పార్సిలు, కనబడ్డం లేదా? మెడలో నల్లపూసలూ, ముక్కు మీద కోపం. లే అమ్మాయ్.’

‘నేను లేవనండి పిన్నిగారూ,’ అన్నారు అనసూయ గారు. ‘మీ అబ్బాయి నన్నిక్కడ వదిలేయమన్నాడు. మీరే కూర్చోండి.’ ఆమాట అంటూనే ఆవిడకి కోపం, నవ్వు, ఏడుపు మూడూ ఒకేసారి వచ్చాయట. భయ్యా ఇంకో కుర్చీ తెచ్చాడు. ఇద్దరూ ఆరున్నర దాకా అక్కణ్ణుంచి కదల్లేదు. వారం రోజుల కబుర్లు పేరుకుపోయున్నాయి మరి.

మర్నాడు నాలుగింటికి అనసూయ గారు మళ్ళీ వచ్చారు. ‘ఆ పసుప్పచ్చదే నొక్కమని మీ సాబ్‌కి చెప్పు,’ అన్నారు. అప్పట్నుంచి రోజూ అదే తంతు. ఆవిణ్ణి కింద వదిలేస్తారు, అమ్మ దిగొచ్చి తీసుకుంటుంది. లిఫ్టు నుంచి కుర్చీ దాకా, మళ్ళీ కుర్చీ నుంచి లిఫ్టు దాకా కలిపి రెండొందల పన్నెండు అడుగులని భయ్యా కొలిచి చెప్పాడు. డాక్టరు వల్ల కానిది, ఫిజియోథెరపీ అమ్మాయి వల్ల కానిది, యాప్ చేసి చూపించింది! పాఠక మహాశయులారా, ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి మీకు? ఇంటర్‌కమ్ ఉన్నన్నాళ్ళూ మా అమ్మని మంచం దిగనిచ్చిందా? ఈ విజయగాథని కమిటీ వార్షిక నివేదికలో వేయించాలని నేను గట్టిగా పట్టుబట్టాను. ఫోటోతో సహా వేద్దామన్నారు కల్నల్ గారు.

మంచి ఫోటో వెతకడానికి పోయిన వారం ఆఫీసులో కూర్చుని యాప్ తెరిచాను. రోజుకొకటి చొప్పున ఉన్నాయి. మొదట్లో అనసూయ గారు ఒక్కరే. తర్వాత ఇద్దరు. తర్వాత సి టవర్ నుంచి ఒక పంజాబీ ఆవిడ, మోడా అనే పేము పీట మీద నేహా, కింద మెట్టు మీద సాత్విక. ఒకదాంట్లో అమ్మ నోరారా నవ్వుతోంది. అది నివేదికకి బాగుంటుందని పెద్దది చేసి చూశాను.

పై వరసలో రెండు పళ్ళు లేవు.

ఎప్పుడు ఊడాయి? ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆదివారం ఒకే బల్ల మీద తింటున్నాం. నేహాకి మెసేజ్ పెడితే, ‘మార్చిలో అనుకుంటా’ అంది. అనసూయ గారికి ఫోన్ చేశాను. ఆవిడ తడుముకోలేదు. ‘మొదటిది హోలీ మర్నాడు, జంతిక కొరుకుతుంటే ఊడింది. రెండోది ఉగాది ముందురోజు, ఊరికే. నాలుగు రోజులు రాగి జావ తాగారు. ఆ రెండో పన్ను ఊడినప్పుడు పిన్నిగారు ఇంటర్‌కమ్‌లో అరగంట నవ్వారు బాబూ. మీకు చెప్పలేదా?’

చెప్పే ఉంటుంది. లేదా చెబుదామని వచ్చి, నా చేతిలో ఫోను చూసి వెళ్ళిపోయుంటుంది. నాకు తెలియదు. తెలియదన్న సంగతి ఆఫీసులో ఆ కుర్చీలో కూర్చునుండగా మొదటిసారి నొప్పి పుట్టించింది.

ఆ రోజు మీటింగు ఎగ్గొట్టాను. నాలుగూ పదికి మా లాబీలోకి అడుగుపెట్టేసరికి కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఏదో పెద్ద కబురు నడుస్తోంది, నన్ను చూసి అందరూ ఠక్కున ఆగిపోయారు. అమ్మ ముఖంలో నవ్వు పోయి కంగారు వచ్చింది.

‘ఏరా, ఒంట్లో బాగాలేదా?’ అంది.

బాగానే ఉందన్నాను.

‘పోనీ ఉద్యోగం ఏమన్నా...’ అని మధ్యలో ఆగింది, నలుగురిలో అడక్కూడదని.

అదీ ఉందన్నాను.

అమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఒళ్ళు బాగుండి, ఉద్యోగం ఉండి కూడా నేను నాలుగింటికి ఇంటికి రావడానికి మూడో కారణం ఏమై ఉంటుందా అని ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. పాపం, ఏమీ తట్టలేదు.